ప్రాసెసర్ ఎంపికలో వివేకం

భద్రాచలం నుండి గోదావరి గట్టు వెంట దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే దారిలో ఊరికి, అడవికి మధ్య దూరం క్రమంగా తగ్గిపోతుంది. వేసవి ప్రవేశించగానే అక్కడి కుటుంబాలు తెల్లవారకముందే తునికాకు సేకరణకు బయలుదేరుతాయి. ఆకులు కోసి, ఏభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పగిస్తే వచ్చే సొమ్ము ఆ కుటుంబాలకు ఏడాది పొడవునా ఆధారం. అటువంటి సొమ్ములో కొంత దాచి, ఇంటర్మీడియట్ చదివే బిడ్డకు కంప్యూటర్ కొనాలని ఒక కుటుంబం సంకల్పించిందనుకుందాం. ఆ సంకల్పం ఆడంబరం కాదు. 2020లో కరోనా వల్ల కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలు తెరల మీదికి మారాయి. తెలంగాణలో రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష 2018 నుండి, జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుండి కంప్యూటర్ మీదనే జరుగుతున్నాయి. మౌస్ పట్టడం అలవాటు లేని విద్యార్థి పరీక్షా కేంద్రంలో ప్రశ్నతోపాటు యంత్రంతో కూడా పోరాడవలసి వస్తుంది.

భాగాలు విడివిడిగా కొని కూర్పించుకుంటే, డబ్బును అవసరమున్న చోటనే ఖర్చు చేసే వీలు కలుగుతుంది. అందుకోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఖమ్మం వెళ్లినా, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, దుకాణదారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ ప్రాసెసర్ కావాలి?" మదర్‌బోర్డు, మెమరీ, విద్యుత్తు ఖర్చు అన్నీ ఈ సమాధానం మీదనే ఆధారపడి ఉంటాయి. కనుక సమాధానం తెలుసుకొని వెళ్లడం ఉత్తమం.

ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు వంటిదని చెబుతారు. అది మెమరీ నుండి ఆదేశాన్ని తెచ్చుకొని, దాని అర్థాన్ని గ్రహించి, అమలు చేస్తుంది. ఈ మూడు పనులనూ సెకనుకు కోట్ల పర్యాయాలు చేయడమే దాని శక్తి. దీనిని మన పొలంలోని వరినాట్లతో పోల్చి చూస్తే సులభంగా బోధపడుతుంది. నారుమడి హార్డ్ డిస్క్ వంటిది. గట్టు మీదికి చేర్చిన నారు కట్టలు మెమరీ వంటివి. నాటు వేసేవారి చేతిలో ఉన్న పిడికెడు నారు క్యాష్ వంటిది. మడిలోకి దిగిన కూలీల సంఖ్య కోర్ల సంఖ్య. చేయి ఆడే వేగం గిగాహెర్ట్జ్‌లలో చెప్పే గడియార వేగం. చేయి ఒకసారి వంగినప్పుడు ఎన్ని కుదుళ్లు పడుతున్నాయన్నది నాలుగో సంగతి. ఈ నాలుగో సంగతి ప్రకటనలలో కనిపించదు. కాని మడి ఎప్పటికి నిండుతుందో నిర్ణయించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది.

చరిత్ర ఈ విషయాన్నే నిరూపించింది. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1993 నాటి పెంటియంలో వాటి సంఖ్య 31 లక్షలకు చేరింది. దాని రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన వినోద్ ధామ్ పుణెలో జన్మించిన భారతీయుడు కావడం విశేషం. ఆ తరువాత వేగం కోసం పరుగుపందెం మొదలైంది. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌లను అందుకుంది. అయితే వేగంతోపాటు వేడి కూడా పెరిగింది. 4 గిగాహెర్ట్జ్‌ల పెంటియం 4 ఆలోచనను ఆ సంస్థ అదే ఏడాది విరమించుకుంది. 2005లో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు రెండూ ఇంటి కంప్యూటర్లకు రెండు కోర్ల ప్రాసెసర్లను తెచ్చాయి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయో 2.4 గిగాహెర్ట్జ్‌ల వద్దనే పాత 3.8 గిగాహెర్ట్జ్‌ల దానిని అధిగమించింది. కూలీలు పెరిగారు, ప్రతి వంపులోనూ పడే కుదుళ్లు కూడా పెరిగాయి.

ఇక మన కుటుంబం విషయానికి వద్దాం. దుకాణంలో వారికి సాధారణంగా ఎదురయ్యే ప్రలోభం పేరులోని అంకె. ఒకవైపు వాడిన పాత ఐ7 ఉంటుంది. మరొకవైపు కొత్త ఐ3 ఉంటుంది. మూడు కంటే ఏడు పెద్దది కదా అని మనసు పాతదాని వైపు మొగ్గుతుంది. ఇక్కడనే వివేకం అవసరం. 2011 నాటి ఐ7-2600ను, 2022 నాటి ఐ3-12100ను పోల్చి చూద్దాం. రెండింటిలోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి. ప్రాథమిక వేగం పాతదానికి 3.4 గిగాహెర్ట్జ్‌లు, కొత్తదానికి 3.3 గిగాహెర్ట్జ్‌లు. అంకెలను మాత్రమే చూస్తే పాతదే మిన్న. కాని ఒక్కొక్క గడియార స్పందనలో కొత్తది చేసే పని ఎంతో ఎక్కువ. పైగా పాతదానికి నిర్ణయించిన విద్యుత్ పరిమాణం 95 వాట్లు కాగా, కొత్తదాని ప్రాథమిక పరిమాణం 60 వాట్లు. అంతేకాదు, విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల సాధారణ గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నియమాల ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదవ తరానిదో, ఆపైదో అయి ఉండాలి. రెండవ తరానికి చెందిన ఆ ఐ7 ఈ నియమానికి లోబడదు. లినక్స్ వంటి ఉచిత వ్యవస్థతో దానిని వాడుకోవచ్చునన్నది నిజమే. అయితే ఆ సంగతి కొనక ముందే తెలిసి ఉండాలి.

కనుక పేరులోని మొదటి అంకెతో తృప్తిపడక, గీత తరువాతి సంఖ్యను చదవాలి. 12100లో మొదటి 12 తరాన్ని సూచిస్తుంది. చివరి అక్షరానికి కూడా అర్థం ఉంది. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో తెరమీద బొమ్మ చూపే అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు. అది చౌకగా దొరికిందని కొంటే వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలసి వస్తుంది. తీరా ఊరికి చేరి మీట నొక్కితే తెర నల్లగానే ఉండిపోతుంది. తప్పు సరిచేసుకోవడానికి మళ్లీ వంద కిలోమీటర్లు వెళ్లాలి. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 రకంలో మాత్రం ఇంటి కంప్యూటర్‌కు తగిన గ్రాఫిక్స్ ఉన్నవాటి పేరు చివర సాధారణంగా 'జి' అక్షరం ఉంటుంది.

తరువాత చూడవలసినది సాకెట్. ప్రాసెసర్ కూర్చునే పీఠమే సాకెట్. పాదానికి తగిన చెప్పు వలె ఇది సరిపోవాలి. ఇంటెల్ 12, 13, 14 తరాలకు 2021లో వచ్చిన ఎల్.జి.ఎ.1700 సాకెట్ అవసరం. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 సాకెట్ బోర్డులు డి.డి.ఆర్.4 మెమరీని, 2022లో వచ్చిన ఎ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 మెమరీని మాత్రమే స్వీకరిస్తాయి. మునుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకొనే అవకాశం ఉందా అని ఈ దశలోనే ఆలోచించడం దూరదృష్టి అనిపించుకుంటుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన అంశం మరొకటి ఉంది. కొత్తగూడెం, భద్రాచలం పరిసరాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. పంకా గదిలోని గాలినే ప్రాసెసర్ మీదికి పంపుతుంది. ఆ గాలి కంటే చల్లగా దానిని ఉంచలేదు. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. అంటే ఎక్కువ ధర పోసి కొన్న వేగం మిట్టమధ్యాహ్నం అక్కరకు రాకపోవచ్చు. గాలివానకు చెట్టు కొమ్మ తీగల మీద పడి కరెంటు పోయినప్పుడు, తక్కువ విద్యుత్తు వాడే యంత్రాన్ని చిన్న యు.పి.ఎస్. ఎక్కువసేపు నిలుపుతుంది. చేస్తున్న పనిని భద్రపరచుకొనే వ్యవధి లభిస్తుంది. కనుక 60, 65 వాట్ల తరగతి ప్రాసెసర్, దానికి తగిన పంకా, దుమ్ము చేరని స్థలం మన ఇళ్లకు అనుకూలమైనవి.

చివరగా అవసరాన్ని నిర్ణయించుకోవాలి. పాఠాలు వినడానికి, ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేయడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి నాలుగు లేదా ఆరు కోర్లు చాలును. వీడియోలు కూర్చేవారికి, త్రిమితీయ చిత్రాలు గీసేవారికి అంతకు మించినది కావాలి. ప్రాసెసర్ మీద మిగిల్చిన డబ్బుతో తగినంత మెమరీని, వేగవంతమైన ఎస్.ఎస్.డి.ని కొంటే యంత్రం మొత్తం చురుకుగా పనిచేస్తుంది. గట్టు మీద నారు లేకపోతే ఎంత నేర్పరి కూలీలైనా చేతులు ముడుచుకొని నిలబడవలసినదే కదా!

2018లో మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు 'శక్తి' అనే స్వదేశీ ప్రాసెసర్‌ను రూపొందించి చూపారు. హైదరాబాదులోనూ ఎందరో ఇంజనీర్లు ప్రాసెసర్ల రూపకల్పనలో పనిచేస్తున్నారు. ఈనాడు తునికాకు సొమ్ముతో ఒక ప్రాసెసర్‌ను ఆచితూచి ఎంచుకున్న విద్యార్థి, రేపు దానిని రూపొందించేవారిలో ఒకరు కావచ్చు. అంకె పెద్దదా అని కాక, అది దేనిని కొలుస్తున్నదని ప్రశ్నించడమే ఆ దారిలో తొలి మెట్టు.