అమీర్‌పేటకు నీటి కరెంటు ఎక్కడిది?

నీళ్లుంటే చాలు కరెంటు వస్తుందని మనం అనుకుంటాం. అట్లయితే అమీర్‌పేట, పంజాగుట్టలకు దగ్గర్లోనే హుస్సేన్‌సాగర్ ఉంది గదా, దానితో కరెంటు ఎందుకు తీయరు? సెలవుల్లో మా మామ దగ్గరికి అమీర్‌పేట పోయినప్పుడు నాకు ఈ అనుమానం వచ్చింది. 1920లో ఆ చెరువు ఒడ్డున కరెంటు కేంద్రం పెట్టారు. కానీ అది బొగ్గుతో నడిచింది. ఇప్పుడు అది లేదు.

నిలబడ్డ నీళ్లు పని చేయవు. పైనుండి పడాలి. ఆ ఊపుకు టర్బైను తిరుగుతుంది. దానికి బిగించిన జనరేటరు కరెంటు ఇస్తుంది. సెకనుకు 1000 లీటర్ల నీళ్లు ఒక్క మీటరు ఎత్తు నుండి పడితే 9,800 వాట్ల శక్తి. కొంత వృథా పోయినా 70 వాట్ల ఫ్యాన్లు వంద తిరుగుతాయి. ఎత్తు పదింతలైతే కరెంటు కూడా పదింతలు. ఎత్తు లేకపోతే నీళ్లు పదింతలు కావాలి.

శ్రీశైలం దగ్గర కృష్ణానది కొండల నడుమ పోతుంది. అక్కడ 145 మీటర్ల డ్యాం కట్టారు. ఎడమగట్టున భూమి లోపల 6 యంత్రాలున్నాయి. ఒక్కొక్కటి 150 మెగావాట్లు, మొత్తం 900. అదే నదికి ఎగువన గద్వాల దగ్గర జూరాల ఉంది. అక్కడ నేల చదును, నీళ్లు పడే ఎత్తు తక్కువ. అక్కడ కూడా 6 యంత్రాలే, కానీ అన్నీ కలిపి 234 మెగావాట్లు. అవి కూడా వరద వచ్చినప్పుడే బాగా నడుస్తాయి.

మరి దేశమే చదునైతే? బంగ్లాదేశ్ అట్లాంటిదే. పెద్ద పెద్ద నదులున్నాయి గానీ పెద్ద జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే. అది కప్తాయి, 230 మెగావాట్లు. దాన్ని కూడా చిట్టగాంగ్ కొండల్లోనే కట్టారు. 1960ల మొదట్లో ఆ నీళ్లు నిండి సుమారు లక్షమంది ఇండ్లు, పొలాలు పోయినయి. వాళ్లలో ఎక్కువమంది చక్మా ఆదివాసులు. మన శ్రీశైలం కింద కూడా 1981లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. 960 మెగావాట్ల పోలవరం ముంపులో కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

కరెంటుకు ఎత్తు కావాలి. ఎత్తు కొండల్లో ఉంటది. కొండల్లో మనవాళ్లు ఉంటరు. అందుకే ముంపు మన దగ్గరికి వస్తున్నది.

పంజాగుట్ట నుండి ఖైరతాబాద్ పోయే దారిలో విద్యుత్ సౌధ అనే పెద్ద ఆఫీసు ఉంది. బొగ్గు కరెంటు, నీటి కరెంటు, ఎండ కరెంటు అన్నీ ఒకే తీగల్లో కలిసిపోతాయి. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఏ లైటు ఏ నీటిదో ఎవరూ విడదీసి చెప్పలేరు. అందుకే ఊరు పోగొట్టుకున్నవాళ్లను మరిచిపోవడం సులువు.

కరెంటు వద్దని నేను అనను. అది లేకుంటే మనకు స్టడీ అవర్ లేదు. కానీ భూమికి భూమి, ఇంటికి ఇల్లు ముందు ఇయ్యాలి, ఆ తర్వాతే నీళ్లు నింపాలి. మనం కూడా గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాన్లు, లైట్లు ఆపుదాం.

— 9వ తరగతి విద్యార్థిని