నిర్మాణశాస్త్రంలో పిహెచ్.డి. పరిశోధన: కాలపరిమితి – ఫలితాల విశ్వసనీయత

నిర్మాణశాస్త్ర పరిశోధన కాలంతో గాఢంగా ముడిపడినది. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస వ్యవధి కోర్సువర్కుతో కలిపి 3 సంవత్సరాలు. సాధారణంగా గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. పరిశోధకులు తమ అంశాన్ని ఈ పరిధికి లోబడే ఎంచుకోవలసి ఉంటుంది.

ఫ్లైయాష్ కలిపిన కాంక్రీటుపై పరిశోధన ఇందుకు ఉదాహరణ. సాధారణంగా 150 మి.మీ. క్యూబులను పోతపోసి, నీటిలో క్యూరింగ్ చేసి, 28వ రోజున వాటి సంపీడన బలాన్ని పరీక్షిస్తారు. సిమెంటు నీటితో చర్య జరిపినప్పుడు ఏర్పడే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో ఫ్లైయాష్‌లోని సిలికా నెమ్మదిగా చర్య జరుపుతుంది. అందువల్ల 28 రోజులకు వెనుకబడినట్లు కనిపించిన మిశ్రమం 90 రోజులకు సాధారణ కాంక్రీటును అందుకోవచ్చు, మించనూవచ్చు. తొలి ఫలితంతోనే నిర్ణయం ప్రకటిస్తే సిద్ధాంతగ్రంథం దోషయుక్తమవుతుంది.

ఫలితాల నమోదులో నిజాయితీ మరొక కీలకాంశం. ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఒక నమూనా ఫలితమంటే మూడు క్యూబుల బలాల సగటు. వాటిలో ఏ ఒక్కటైనా సగటుతో 15 శాతానికి మించి భేదిస్తే ఆ ఫలితం చెల్లదు. 90వ రోజు పరీక్షలో ఇలా జరిగితే మూడు నెలల శ్రమను మళ్లీ మొదలుపెట్టాలి. గడువు సమీపించిన వేళ, అనుకూలించని క్యూబును లెక్కలోంచి తప్పించాలనే ప్రలోభం ఇక్కడే కలుగుతుంది. అలా దాచిన భేదం రేపు ఆ మిశ్రమంతో కట్టిన ఇంట్లో నివసించేవారికి ముప్పు కావచ్చు.

కాబట్టి దీర్ఘకాలిక పరీక్షలను వీలైనంత ముందుగా ఆరంభించడం, ప్రతి మిశ్రమానికీ అదనపు క్యూబులను అప్పుడే పోతపోసి ఉంచుకోవడం పరిశోధన ప్రణాళికలో భాగం కావాలి.