వెలుగునీడల భాండాగారం

ఒక జాతి తన గతాన్ని తెలుసుకోవడానికి శాసనాలు, తాళపత్రాలు, గ్రంథాలు, కట్టడాలు ఆధారాలుగా నిలుస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో చలనచిత్రం కూడా ఈ వరుసలో చేరింది. అయితే శిలాక్షరం వెయ్యేళ్లు నిలిచినట్లుగా చలనచిత్రం తనంత తానుగా నిలవదు. దానిని కాపాడే వారుంటేనే అది ముందు తరాలకు దక్కుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో, ముఖ్యంగా బెర్లిన్ నగరంలో, చిత్ర భాండాగారాలు ఏర్పడిన తీరు ఈ సత్యాన్ని చక్కగా తెలియజేస్తుంది.

1950ల తొలినాళ్ల వరకు సినిమాలను ఎక్కువగా నైట్రేట్ ఫిల్ముపై ముద్రించేవారు. ఇది సులభంగా మండే పదార్థం. ఒకసారి అంటుకుంటే నీటిలో ముంచినా ఆరదు. వేడి, తేమ తగిలితే క్రమంగా జిగురుగా మారి, చివరకు పొడి అయిపోతుంది. దీనికి తోడు మనుషుల నిర్లక్ష్యం. 1920ల చివర మాట్లాడే చిత్రాలు రాగానే మూకీ చిత్రాలకు గిరాకీ పోయింది. ఫిల్ములోని వెండి కోసం పాత ప్రతులను కరిగించడం అనేక దేశాలలో జరిగింది. సుప్రసిద్ధ దర్శకుడు ముర్నావ్ 1920లో తీసిన 'దేర్ యానుస్‌కోఫ్' వంటి చిత్రాలు ఇంతవరకు దొరకనే లేదు.

జర్మనీలో ప్రభుత్వ చిత్ర భాండాగారం 1935లో నాజీల ఏలుబడిలో ప్రారంభమైంది. దాని పేరు 'రైక్స్‌ఫిల్మార్కైవ్'. 1938లో పారిస్‌లో అంతర్జాతీయ చిత్ర భాండాగారాల సమాఖ్యను స్థాపించిన నాలుగు సంస్థలలో ఇది ఒకటి. మిగిలినవి ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికా దేశాలకు చెందినవి. మరుసటి సంవత్సరమే యుద్ధం మొదలైంది. 1945లో జర్మనీ ఓడిపోయినప్పుడు ఈ భాండాగారంలోని చిత్రాలలో అధికభాగం సోవియట్ సైన్యం చేతికి చిక్కి మాస్కోకు తరలిపోయింది. తన చిత్రాలను చూడడానికి జర్మనీ పరదేశాల వైపు చూడవలసిన స్థితి ఏర్పడింది.

దేశం రెండుగా చీలిన తరువాత భాండాగారాలు కూడా వేరువేరుగానే ఏర్పడ్డాయి. తూర్పు జర్మనీ 1955లో తన ప్రభుత్వ చిత్ర భాండాగారాన్ని స్థాపించింది. సోవియట్ యూనియన్ తిరిగి ఇచ్చిన పాత చిత్రాలు దానికి పునాది అయ్యాయి. పశ్చిమ బెర్లిన్‌లో మాత్రం భాండాగారానికి పునాది వేసింది ఒక వ్యక్తి సేకరణ. ఆయన పేరు గెర్‌హార్ట్ లాంప్రెక్ట్.

లాంప్రెక్ట్ 1897లో బెర్లిన్‌లో జన్మించాడు. దర్శకుడిగా పేదల జీవితాలను, నగరపు వీధులను సహజంగా చిత్రించాడు. ఎరిక్ కేస్ట్నర్ బాలల నవల ఆధారంగా 1931లో ఆయన తీసిన 'ఎమిల్, గూఢచారులు' చిత్రంలో బెర్లిన్ వీధులలో పిల్లలు ఒక దొంగను తరుముతారు. ఆ చిత్రంలో ఎమిల్ పాత్ర ధరించిన బాలుడు రోల్ఫ్ వెంక్‌హౌస్ పెద్దవాడై 1942లో యుద్ధంలో మరణించాడు. 1946లో లాంప్రెక్ట్ 'బెర్లిన్‌లో ఒకచోట' అనే చిత్రం తీశాడు. అందులోనూ పిల్లలే ఉన్నారు. కాని వారు ఆడుకొనేది కూలిన ఇళ్ల శిథిలాల మధ్య. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చూస్తే యుద్ధం ఒక నగరం నుండి ఏమి హరించిందో తెలుస్తుంది. మొదటి చిత్రంలోని వీధులలో చాలా భాగం నేడు ఆ ఫిల్ములోనే మిగిలి ఉంది.

చిత్రాలు తీయడంతో లాంప్రెక్ట్ తృప్తి చెందలేదు. యువకుడిగా ఉన్నప్పటి నుండి ఇతరుల చిత్రాలను, చిత్రానువాద ప్రతులను, ఛాయాచిత్రాలను, పోస్టర్లను, పాత యంత్ర పరికరాలను సేకరించాడు. ఇతరులు పనికిరానివిగా పారవేసినవి ఆయనకు చరిత్రగా కనిపించాయి. ఈ సేకరణను బెర్లిన్ నగర ప్రభుత్వం కొనుగోలు చేసింది. దాని ఆధారంగా 1963 ఫిబ్రవరిలో 'డాయిచ కినమథేక్' ఆవిర్భవించింది. బెర్లిన్ గోడ వెలసి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. లాంప్రెక్ట్ ఆ సంస్థకు తొలి సంచాలకుడిగా 1966 వరకు సేవలందించాడు. తరువాత జర్మన్ మూకీ చిత్రాల వివరాలను క్రోడీకరించి 1967 నుండి 1970 వరకు పలు సంపుటాలుగా వెలువరించాడు. ఏ చిత్రాలు పుట్టాయో తెలిస్తేనే ఏవి నశించాయో తెలుస్తుంది. అందువల్ల ఈ పట్టిక పరిశోధకులకు దారిదీపమైంది. ఆయన 1974లో మరణించాడు.

భద్రపరచడం, ప్రదర్శించడం ఈ రెండింటి మధ్య భాండాగారాలకు ఎప్పుడూ ఘర్షణే. ప్రదర్శించిన ప్రతిసారీ ప్రతి కొంత అరుగుతుంది. ప్రదర్శించకపోతే చిత్రం ఉండీ లేనట్లే. అందువల్ల మూలప్రతిని చల్లని గదిలో భద్రపరచి, దాని నుండి తీసిన నకలును ప్రదర్శించే పద్ధతి వచ్చింది. బెర్లిన్‌లో 1963లోనే కినమథేక్ మిత్రుల సంఘం ఒకటి ఏర్పడి చిత్రాలను ప్రజలకు చూపే బాధ్యత తీసుకుంది. ఉల్‌రిష్ గ్రెగోర్, ఎరికా గ్రెగోర్ దంపతులు దీనికి ప్రాణం పోశారు. 1970 జనవరిలో ఈ సంఘం 'ఆర్సెనల్' అనే సొంత సినిమాశాలను ప్రారంభించింది.

మరొక కఠినమైన ప్రశ్న కూడా ఎదురైంది. ద్వేషాన్ని బోధించిన నాజీ ప్రచార చిత్రాలను ఏమి చేయాలి? వాటిని నాశనం చేస్తే నేరానికి సాక్ష్యం నశిస్తుంది. యథేచ్ఛగా ప్రదర్శిస్తే విషం మళ్లీ వ్యాపిస్తుంది. అందుచేత వాటిని భద్రపరిచారు. సుమారు 40 చిత్రాలను వివరణ, చర్చ ఉన్న ప్రదర్శనలలో మాత్రమే చూపే నియమం పెట్టారు. మంచిని మాత్రమే దాచి చెడును చెరిపివేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

1990లో దేశం ఏకమైనప్పుడు తూర్పు జర్మనీ భాండాగారం సమాఖ్య ప్రభుత్వ పురాలేఖాగారంలో విలీనమైంది. కినమథేక్ 2000లో పోట్స్‌డామర్ ప్లాట్స్‌లో చలనచిత్ర ప్రదర్శనశాలను తెరచి, 2024లో ఆ భవనాన్ని విడిచింది. ఫ్రిట్స్ లాంగ్ తీసిన 'మెట్రోపొలిస్' (1927) కథ ఈ కృషికి ఫలశ్రుతి వంటిది. విడుదలైన కొద్దికాలానికే కత్తిరింపుకు గురైన ఆ చిత్రపు దాదాపు పూర్తి ప్రతి 2008లో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికింది. దాని సాయంతో ముర్నావ్ సంస్థ, డాయిచ కినమథేక్ తదితరులు పునరుద్ధరించిన చిత్రం 2010లో బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. ఎనిమిది దశాబ్దాలుగా ఎవరూ చూడని దృశ్యాలు గీతలు పడిన బొమ్మలుగానే అయినా తెరపై మళ్లీ కదిలాయి. ఎక్కడో ఎవరో పారవేయక దాచినందువల్లనే అది సాధ్యమైంది.

అర్థాలు

భాండాగారం = విలువైన వస్తువులను దాచే చోటు
ఏలుబడి = పాలన
శిథిలాలు = కూలిన కట్టడాల భాగాలు
క్రోడీకరించు = ఒకచోట చేర్చు
పురాలేఖాగారం = పాత పత్రాలను భద్రపరిచే చోటు

ప్రశ్నలు

1. నైట్రేట్ ఫిల్ము స్వభావాన్ని వివరించండి.
2. చిత్ర భాండాగార స్థాపనకు లాంప్రెక్ట్ చేసిన కృషిని తెలపండి.
3. నాజీ ప్రచార చిత్రాలను నాశనం చేయక భద్రపరచడం సమంజసమేనా? మీ అభిప్రాయం రాయండి.