చూడి పడ్డ బేరం: పళ్ల కంటె బరువే ప్రధానం

వరంగల్: గేదె పడ్డల బేరంలో నోరు తెరిచి పళ్లు చూడడం పాత ఆనవాయితీ. తొలి జత శాశ్వత దంతాలు సుమారు రెండున్నర ఏళ్లకు వస్తాయి గనుక వయసు తెలుస్తుంది. కట్టించే అదను మాత్రం తెలియదు. మంచి మేతపై పెరిగిన ముర్రా పడ్డ 24-30 నెలలకే సిద్ధమవుతుంది. అరకొర మేతతో పెరిగినది మూడేళ్లు దాటినా కాకపోవచ్చు. 300 కిలోల దరిదాపుకు వచ్చాక కట్టించడం శ్రేయస్కరం.

సంతలో కాటా లేకున్నా టేపు చాలును. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసి, దానిని దానితోనే హెచ్చించాలి. భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు గల పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోలలో తేలుతుంది. చుట్టుకొలత 65, పొడవు 47 అయితే 300 కిలోలు.

నెలలు నిండవచ్చిన చూడి పడ్డ 300 కిలోలే తూగితే, కట్టించిననాడు ఇంకా తక్కువే ఉన్నదన్నమాట. అటువంటిది ఈనడానికి కష్టపడుతుంది, పాలు తగ్గుతాయి, మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. చూడి కాలం సుమారు 310 రోజులు. కనుక లోపం బయటపడేది కొన్నవారి కొట్టంలో. మాట పోయేది మధ్యవర్తిది. చూడి అనగానే ధర పెంచక, పశువైద్యుని పరీక్ష చేయించి, టేపు పట్టి బేరం ముగించడం ఉభయులకూ క్షేమం.