కాళ్లతో రుచి చూసే ఈగ

సీతాఫలాల కాలంలో నల్లమాడ వైపు ఇళ్లలో గంపలకొద్దీ పండ్లు మాగుతుంటాయి. అందులో ఒకటి పగిలి పులిసిందంటే చాలు, ఎర్రకళ్ల చిన్న ఈగలు దాని చుట్టూ మూగుతాయి. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండవు. శాస్త్రవేత్తలు వీటిని డ్రోసోఫిలా అంటారు. మామిడి, జామ కాయల్లో పురుగు పడటానికి కారణమయ్యే పండు ఈగ వేరు. ఇవి పులిసిన పండు మీద పెరిగే ఈస్టు కోసం, ఆ రసం కోసం వస్తాయి.

ఈ ఈగకు రుచి తెలిసేది మూతితోనే కాదు, కాళ్లతో కూడా. కాళ్ల కొసన ఉండే సన్నని నూగులో రుచి నాడీకణాలున్నాయి. చక్కెర ఉన్నచోట కాలు పడగానే, మూతి తగలకముందే దానికి తీపి తెలుస్తుంది. వెంటనే నడక మందగిస్తుంది, ఆగుతుంది, మడిచి ఉన్న తొండం బయటికి చాస్తుంది.

ఆగడమూ తినడమూ ఒకే ఆజ్ఞతో జరుగుతాయనుకుంటాం. 2016లో వెలువడిన ఒక పరిశోధన ఇవి రెండూ వేరని చూపింది. కాలిలోని తీపి కణాలు రెండు రకాలు. ఒక రకం తీగలు ఛాతీలోని నాడీముడి దగ్గరే ఆగిపోతాయి. నడకను నడిపించేది ఆ ముడే కాబట్టి కాళ్లకు కళ్లెం అక్కడే పడుతుంది. రెండో రకం తీగలు తల దాకా పోయి తినడం మొదలుపెట్టిస్తాయి. తీపి తెలిసిన కాలిని ఆపడానికి మెదడు దాకా కబురు పోనక్కర్లేదన్నమాట. ఇంత చిన్న ప్రాణిలో ఇంత పొందికైన ఏర్పాటు ఉండటం నాకు అబ్బురంగా తోస్తుంది.

తిన్నాక జరిగేది ఇంకా విశేషం. ఆకలిగొన్న ఈగకు చిన్న చక్కెర చుక్క పెట్టి, చుక్క అయిపోగానే గమనిస్తే, ఈగ దూరం పోదు. మలుపులు తిరుగుతూ అక్కడక్కడే వెతుకుతుంది. విన్సెంట్ డెథియర్ 1957లోనే వేరే జాతి ఈగలో దీన్ని వర్ణించాడు. ఆకలి ఎక్కువైతే, చక్కెర చిక్కనైతే మలుపులూ ఎక్కువే. చెనిక్కాయ చెట్లు పీకిన చేలో కాయలు ఏరేవాళ్లకు ఒక కాయ దొరికితే, ఆ చుట్టే మట్టి కెలుకుతారు. ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఉంటుందని వాళ్ల లెక్క. ఈగదీ అదే.

ఆ వెతుకులాటకు గొంతులోని రుచి కణాలకు తీపి తగలడమే చాలని 2017లో తేలింది. జపాను శాస్త్రవేత్తలతో కలిసి ఆ పని చేసినవారిలో ఒకరు బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) పరిశోధకుడు. 2019లో అమెరికాలో మైకేల్ డికిన్సన్ బృందం చక్కెర పెట్టకుండానే, కాంతితో తీపి కణాలను రేపింది. లేని చుక్క చుట్టూ ఈగలు తిరిగాయి. చూపు, వాసన సాయం లేకున్నా, తమ అడుగుల లెక్కతోనే ఆ చోటికి మళ్లీ మళ్లీ వచ్చాయి.

ఈ రంగంలో మనవాళ్ల పునాది గట్టిది. ముంబయి టాటా పరిశోధన సంస్థలో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ వాసన, రుచి సరిగా తెలియని ఈగలపై 1978లోనే పరిశోధన ప్రచురించారు. 1981లో కొన్ని రకాల చక్కెరల రుచి సరిగా పట్టలేని ఈగను వివరించారు. తర్వాత సిద్దిఖీ నెలకొల్పిందే ఎన్‌సీబీఎస్. మనం కొడికొండ మీదుగా బెంగళూరు పోయేటప్పుడు, హెబ్బాళ రాకముందే తగిలే జీకేవీకే ఆవరణలో ఉంది.

సైన్సు అయ్యవార్లకు ఒక మనవి. ఈ ప్రయోగానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఇంటి ఈగలోనూ ఈ వెతుకులాట కనిపిస్తుంది. ఒక ఈగను కొన్ని గంటలు నీళ్లు మాత్రమే ఇచ్చి ఉంచండి. తెల్ల కాగితం మీద సూదిమొనంత చక్కెర నీటి చుక్క పెట్టి, ఈగను వదిలి, పైన పారదర్శకమైన గిన్నె బోర్లించండి. చుక్కకు ముందు దాని నడక, తర్వాతి నడక పిల్లల చేత గీయించండి. పలచని చుక్కతో ఒకసారి, చిక్కని చుక్కతో ఒకసారి చేయించి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టించండి.