మొదటి ఫైలు ఎక్కడుంది?

కార్బురేటర్ బండ్ల కాలంలో మంచి మెకానిక్‌ని పోల్చుకోవడానికి ఒక ఆనవాలు ఉండేది. మైలేజీ రావడం లేదని బండి తీసుకెళ్తే, ఎయిర్ స్క్రూని ఇష్టమొచ్చినట్టు తిప్పేవాడు కాదు. ముందు దాన్ని మెల్లగా చివరిదాకా బిగించేవాడు. ఎన్ని చుట్లకు బిగిసిందో మనసులో లెక్కపెట్టుకునేవాడు. రెండున్నర. ఆ తర్వాతే తన ప్రయోగాలు. ఏదీ కుదరకపోతే మళ్లీ రెండున్నర చుట్లు విప్పేసేవాడు. బండి బాగుపడకపోయినా, కనీసం తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగొచ్చేది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త టూవీలర్లలోనూ ఆ స్క్రూ దాదాపు మాయమైంది. ఎంత పెట్రోలు చిమ్మాలో, ప్లగ్ ఏ క్షణంలో మెరవాలో ఇప్పుడు ఈసీయూ అనే చిన్న కంప్యూటరు చూసుకుంటోంది. దాన్ని ట్యూన్ చేసేవాడికీ ఆ రెండున్నర చుట్ల లెక్క కావాలి. కాకపోతే ఇక్కడ స్క్రూలు వందల్లో ఉంటాయి.

స్పీడ్యూనోనే తీసుకోండి. ఆస్ట్రేలియాకు చెందిన జోష్ స్టీవర్ట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఈసీయూ ఇది. ఆర్డునో మెగా బోర్డు మీద నడుస్తుంది. లాప్‌టాప్ తగిలించి ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎక్కాల పట్టికలాంటిది కనిపిస్తుంది. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా ఇంజిన్ మీద పడే లోడు. 16 వరసలు, 16 నిలువులు, మొత్తం 256 గడులు. ఇది పెట్రోలుకు మాత్రమే. స్పార్కుకు ఇంకో పట్టిక. చల్లటి ఇంజిన్‌కి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇవ్వాల్సిన అదనపు పెట్రోలుకి వేరే లెక్కలు.

ఒక గడి దగ్గర ఆగుదాం. 2,800 ఆర్‌పీఎం వేగం, 60 కిలోపాస్కల్ లోడు. అందులో పెట్రోలు మోతాదును తేల్చే అంకె 62 అని ఉంది. సైలెన్సర్ గొట్టంలో బిగించిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ గాలి, పెట్రోలు నిష్పత్తి 15.4 అంటోంది, మనకు కావలసింది 14.7. అంటే పెట్రోలు చాలడం లేదు. 62ని 15.4తో గుణించి 14.7తో భాగిస్తే 65 వస్తుంది. గడిలో 65 కొట్టాం, చుట్టుపక్కల గడుల్నీ అదే లెక్కన సరిచేశాం, ఇంజిన్ నునుపుగా లాగింది. సంతోషం.

మర్నాడు తెల్లవారాక స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కకముందే బయల్దేరితే నల్లటి పొగ. ఎందుకని? మొన్నెప్పుడో చల్లటి ఇంజిన్ తడబడుతోందని వార్మప్ పెట్రోలు పెంచాం. నిజానికి ఆ తడబాటుకు అసలు కారణం ఈ గడిలోనూ దీని చుట్టుపక్కల గడుల్లోనూ ఉన్న కొరతే. నిన్న గడులు సరిచేశాం, మొన్నటి పెంపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక తప్పు ఇంకో తప్పును కప్పిపుచ్చింది. ఒకటి దిద్దగానే రెండోది బయటపడింది. మొన్న ఏం మార్చామో గుర్తుంటే ఇది రెండు నిమిషాల పని. లేకపోతే ఆదివారమంతా దీనికే.

గుర్తుండదు. ఉండేది ఫైళ్లు: ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలైన ఫైనల్’. (పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేయించుకున్నవాళ్లకు ఈ పేర్లు కొత్తేమీ కావు.) ట్యూనర్‌స్టూడియో తేదీలతో రీస్టోర్ పాయింట్లు దాస్తుంది, రెండు ఫైళ్లు ఇస్తే తేడాలు చూపిస్తుంది. ఆ ఫైలు మామూలు టెక్స్టే కాబట్టి ప్రోగ్రామర్లు వాడే గిట్‌లోనూ పెట్టుకోవచ్చు. ఇవన్నీ వాడాల్సిందే. కానీ 62 పోయి 65 వచ్చిందని చెప్పేవే తప్ప, ఎందుకు వచ్చిందో ఇవేవీ చెప్పవు. దానికి నోట్‌బుక్‌లో ఇలాంటి ఒక్క వరస చాలు: ‘ఇంజిన్ వేడి 88 డిగ్రీలు. 60 కేపీఏ దగ్గర 2,400 నుంచి 3,200 వరకు 5 శాతం పెంచాను. నాలుగో గేరులో తేలిగ్గా తొక్కితే కుదుపు వస్తోంది కాబట్టి. కుదుపు పోయింది. చలిలో ఇంకా చూడలేదు.’ నన్నడిగితే ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆఖరి వాక్యం.

సాఫ్ట్‌వేర్ బయట జరిగిన మార్పులు కూడా అదే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. ఇంజెక్టర్లు మార్చి, వాటి సైజు సెట్టింగు సరిచేయకపోతే ఆ 256 గడుల్లో అంకెలు అలాగే ఉంటాయి, అర్థాలు మారిపోతాయి. పెట్రోలు సంగతీ అంతే. మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. మామూలు పెట్రోలుకు 14.7 అయిన నిష్పత్తి దీనికి సుమారు 13.5. అదే ఇంజిన్‌కి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ చిమ్మాలి. కంపెనీ కార్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ చాలావరకు తనే సర్దుకుంటుంది. ఆ దిద్దుబాటు ఆపేసి ట్యూన్ చేసిన బండి సర్దుకోలేదు. పట్టికలో ఏ అంకె మారిందని ఎంత వెతికినా దొరకదు.

ఇది ఇంటి షెడ్డుకే పరిమితమైన గొడవ కాదు. పరీక్షలో మాత్రమే పొగ తగ్గేలా సాఫ్ట్‌వేర్ రాసి ఫోక్స్‌వాగన్ చేసిన డీజిల్ మోసాన్ని అమెరికా పర్యావరణ సంస్థ 2015 సెప్టెంబరులో బయటపెట్టింది. తర్వాత పరిశోధకులు ఈసీయూల సాఫ్ట్‌వేర్ కాపీలు సుమారు 900 సేకరించి గాలిస్తే, ఎనిమిదేళ్ల కాలానికి చెందిన 400కు పైగా కాపీల్లో మోసపు కోడ్ ఉండొచ్చని తేలింది. పాత వెర్షన్లే సాక్ష్యం చెప్పాయి.

కంపెనీ కార్ల ఈసీయూలో క్యాలిబ్రేషన్ ఐడీ అనే పేరు, సీవీఎన్ అనే తనిఖీ సంఖ్య ఉంటాయి. ట్యూన్‌లో ఒక్క అంకె మార్చినా, ఈసీయూ లెక్కగట్టే సీవీఎన్ మారిపోతుంది. కాలిఫోర్నియాలో 2021 జులై 19 నుంచి పొగ పరీక్షలో ఇవి కూడా చూస్తున్నారు. ఉన్నది కంపెనీ సాఫ్ట్‌వేరో, అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతించిందో కాకపోతే బండి ఫెయిలే.

మన ఊళ్లలోనూ రీమ్యాప్ చేసే షాపులు ఉన్నాయి. ‘పికప్ పెరుగుతుంది సార్’ అంటారు, పెరగొచ్చు కూడా. ఒప్పుకునే ముందు ఒక్కటి అడగండి: ఇప్పుడు నా కారులో ఉన్న ఒరిజినల్ ఫైలు చదివి, దాని క్యాలిబ్రేషన్ ఐడీతో సహా పెన్‌డ్రైవ్‌లో నా చేతికిస్తారా? ఏమేం మార్చారో కాగితం మీద రాసిస్తారా? ఇవ్వం అన్న చోట కారు తాళం ఇవ్వకండి.