విశ్వవిద్యాలయ శాఖల మధ్య అచ్చు ఖర్చుల పంపకం

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని చదువుల స్థితిగతుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో 533 పాఠశాలలు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అందులో లెక్క చూపాడు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. తక్కిన 23 సంస్కృత విద్యాస్థానాలు. తెలుగుకూ కన్నడానికీ మధ్య తేడా తొమ్మిది బడులు మాత్రమే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. ఆ వివాదం ఈ వ్యాసానికి సంబంధించింది కాదు. దాని పర్యవసానాలలో ఒకదానిని మాత్రం ఇక్కడ గమనించాలి. తెలుగు నేలకు వెలుపలి విశ్వవిద్యాలయాలలో తెలుగు శాఖ సాధారణంగా చిన్న శాఖే. చిన్న శాఖకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మీ అచ్చు ఖర్చు ఎంత, అది మీ విద్యార్థుల సంఖ్యకు తగినట్లుగా ఉందా? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోతే మొదట పోయేది శాఖ వారి పత్రిక. ఆ తరువాత పోయేవి పాఠ్యాంశ ప్రతులు. అందువల్ల ఈ లెక్క సాహిత్య విద్యార్థికి కూడా తెలియడం అవసరం.

అచ్చు ఖర్చులో రెండు భాగాలున్నాయి. ఎన్ని ప్రతులు వేసినా మారనిది స్థిర వ్యయం: కంపోజింగు, ప్రూఫులు దిద్దడం, ప్లేట్లు, యంత్రం అద్దె, పనివాని జీతం. ప్రతులతో పాటు పెరిగేది చర వ్యయం: కాగితం, సిరా, బైండింగు. తెలుగు ఫాంటులో కంపోజు చేసే పని ఒక్క ప్రతికి ఎంతో, వెయ్యి ప్రతులకూ అంతే. కన్నడం కంపోజు చేసే చేతికి తెలుగు పని ఇస్తే ప్రూఫులు ఒకటి రెండు సార్లు ఎక్కువగానే దిద్దవలసి వస్తుంది. రెండు లిపులకూ పోలిక ఎక్కువ కావడమే ఇక్కడ చిక్కు. తలకట్టు దగ్గర, వత్తుల దగ్గర కన్ను మోసపోతుంది. (యూనికోడులో కూడా ఈ రెండు లిపులూ పక్కపక్క గదులలోనే ఉన్నాయి.)

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం ఊహించినవే. 32 పేజీల సంచికకు స్థిర వ్యయం 9,000 రూపాయలు, ఆపైన ప్రతి కాపీకి 15 రూపాయలు అనుకుందాం. కన్నడ శాఖ 500 కాపీలు వేస్తే మొత్తం 16,500, అంటే కాపీకి 33 రూపాయలు. తెలుగు శాఖ 100 కాపీలు వేస్తే మొత్తం 10,500, అంటే కాపీకి 105 రూపాయలు. ఆడిటు వారి కళ్ళకు కనబడేది ఈ 33, 105 అంకెలే. తెలుగు వారు మూడింతలకు మించి ఖర్చు చేస్తున్నారని రాస్తారు. నిజానికి తెలుగు శాఖ ఖర్చు చేసినది 6,000 రూపాయలు తక్కువ. కాపీ ఖరీదు పెరిగింది పాఠకులు తక్కువైనందువల్ల. అందులో దుబారా ఏమీ లేదు.

ఇక విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకే ముద్రణ విభాగం ఉండి, దాని ఖర్చును శాఖలకు పంచవలసి వచ్చినప్పుడు సంగతి మరింత జటిలమవుతుంది. నాలుగు శాఖలలో కలిపి 500 మంది విద్యార్థులు, వారిలో తెలుగు వారు 20 మంది అనుకుందాం. ఏడాదికి స్థిర వ్యయం 3,00,000, అచ్చయిన పుటలు 4,00,000, పుటకు చర వ్యయం 50 పైసలు. మొత్తం బిల్లు 5,00,000. శాఖకు ఇంతని సమానంగా పంచితే తెలుగు శాఖ వాటా 1,25,000, అంటే విద్యార్థికి 6,250 రూపాయలు. ఈ పద్ధతి ఎంత సమానంగా కనబడుతుందో అంత అన్యాయం. విద్యార్థుల సంఖ్యను బట్టి పంచితే తెలుగు వాటా 20,000. ఇది మనకు సుఖంగానే ఉంటుంది గాని, ఎవరెంత వాడారన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. పొదుపు చేసిన శాఖకూ వృథా చేసిన శాఖకూ తలసరి ఒకటే.

అందుకని చాలామంది మొగ్గేది పుటల లెక్కకు. యంత్రం మీది మీటరు చూసి పుటకు ఇంతని వేస్తారు. పై అంకెల ప్రకారం పుటకు 1 రూపాయి 25 పైసలు. చూడడానికి ఇంతకంటె న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. కాని ఇందులో ఒక గొయ్యి ఉంది. గేటు బయట జిరాక్సు దుకాణంలో పుట రూపాయికే దొరికిందనుకోండి. పెద్ద శాఖ ఒకటి తన లక్ష పుటలను బయటికి తీసుకుపోతుంది. ఆ శాఖకు పుటకు 25 పైసలు మిగిలాయి. విశ్వవిద్యాలయానికి మాత్రం తప్పిన ఖర్చు 50 పైసలు, బయట చెల్లించినది రూపాయి. అంటే పుటకు 50 పైసల చొప్పున 50,000 రూపాయల నష్టం. యంత్రం అద్దె, జీతం తగ్గవు గదా. ఆ 3,00,000 ఇప్పుడు మిగిలిన 3,00,000 పుటల మీద పడుతుంది. రేటు రూపాయిన్నర అవుతుంది. అది చూసి ఇంకొక శాఖ మరో లక్ష పుటలతో బయటికి నడిస్తే రేటు రెండు రూపాయలు. చివరికి మిగిలేది బయటికి పోయే వీలులేని శాఖ. పరిసరాలలో తెలుగు అక్షరాలు కంపోజు చేసి, తప్పులు లేకుండా దిద్దే దుకాణం లేని చోట ఆ మిగిలేది ఎవరో చెప్పనవసరం లేదు.

ఈ చిక్కుకు అకౌంట్ల శాస్త్రంలో తెలిసిన పరిష్కారం రెండు భాగాల పద్ధతి. స్థిర వ్యయాన్ని సంవత్సరారంభంలోనే విద్యార్థుల నిష్పత్తిలో శాఖలకు పంచివేయాలి. ఆ తరువాత మీటరు లెక్కన పుటకు 50 పైసలు మాత్రమే వసూలు చేయాలి. 20,000 పుటలు వాడిన తెలుగు శాఖకు స్థిర వాటా 12,000, మీటరు 10,000, మొత్తం 22,000 అవుతుంది. బయటి రూపాయి రేటుకు ఆశపడే కారణం ఏ శాఖకూ ఉండదు. అనవసరంగా నకళ్ళు తీసేవారికి మాత్రం మీటరు తగులుతూనే ఉంటుంది. నా దృష్టిలో శాఖలు అడగవలసినది ఈ పద్ధతినే.

ప్రశ్నపత్రాల ముద్రణను ఈ లెక్కలో కలపకూడదు. అది పరీక్షల విభాగం పని, పరీక్ష రుసుముల నుంచే జరగాలి.

తలసరి లెక్క గురించి ఇంకొక మాట. పైన చెప్పిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణకర్త కూడా. అతని వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల ముద్రణాలయంలో అచ్చయ్యాయి. వాటిని ఉద్దేశించినది ముఖ్యంగా దేశభాషలు నేర్చుకునే కంపెనీ యువ ఉద్యోగుల కోసం. ఆ వ్యాకరణానికి పీఠికగా ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన గమనిక, దక్షిణాది భాషలు వేరే కుటుంబానికి చెందినవని నిరూపించిన తొలి రచనగా నేడు భాషాశాస్త్ర చరిత్రలో నిలిచింది. కాపీ ఖరీదును చదివేవారి సంఖ్యతో తూచి ఉంటే ఆ పుస్తకం గురించి ఏ గుమాస్తా అయినా ఆక్షేపణ రాసి ఉండేవాడు.

కనుక శాఖ ఖర్చు ఎక్కువైందని కాగితం వచ్చినప్పుడు విద్యార్థులు, అధ్యాపకులు కలిసి వేయవలసిన ప్రశ్న ఒకటే: మా సంచిక ఆగిపోతే విశ్వవిద్యాలయానికి నిజంగా మిగిలేది ఎంత? యంత్రం అద్దె మిగలదు, జీతం మిగలదు. విశ్వవిద్యాలయ యంత్రం మీదనే అచ్చు వేయించుకుంటూ, కంపోజింగు, ప్రూఫులు మనమే చూసుకుంటే, మిగిలేది కాగితం, సిరా, ప్లేట్ల ఖర్చు మాత్రమే. ఆ చిన్న మొత్తాన్ని పుటకు 1.25 రేటుతో గుణించి చూపిన పెద్ద మొత్తంతో పక్కపక్కన పెట్టి రాయండి.

మన వైపు నుంచి చేయగల పొదుపు కూడా ఉంది. డెమీ కాగితం ఒకటి రెండు వైపులా అచ్చువేసి మడిస్తే 16 పేజీలు, అదే ఫారం. 32 పేజీలకు రెండు ఫారాలు సరిపోతాయి. వ్యాసం తెగక 34 పేజీలకు పోతే, ఆ రెండు పేజీల కోసం వేరే ప్లేటు, వేరే కాగితం, బైండింగులో వేరే చేతిపని. కాబట్టి సంపాదకులు మొహమాటపడకుండా 32 దగ్గర కత్తిరించాలి. ముఖచిత్రాన్ని కన్నడ శాఖ సంచిక ముఖచిత్రంతో కలిపి ఒకే షీటు మీద అచ్చు వేయించుకుంటే ప్లేట్ల ఖర్చు సగానికి దిగుతుంది. రెండు సంచికలూ ఒకే నెలలో వెలువడేటట్లు ముందుగా ఆ శాఖ వారితో మాట్లాడుకోవాలి, అంతే.